విద్యుద్ఘటములు – వాటాల ధరలు

విద్యుత్తును పుట్టించుట మనకు తెలిసిన విద్యయే. పుట్టించిన విద్యుత్తును దాచుకొనుట మాత్రము నేటికిని కష్టమైన పని. వడ్లను గాదెలో పోసినట్లు విద్యుత్తును విద్యుత్తుగానే పెద్దమొత్తమున నిలువచేయుటకు వీలులేదు. దానిని మరియొక రూపమునకు మార్చి దాచవలెను. శ్రీశైలము ఎడమగట్టున భూగర్భములో నున్న విద్యుత్కేంద్రమందు 150 మెగావాట్ల యంత్రములు ఆరు కలవు. అవి రెండువైపులకును తిరుగగలవు. విద్యుత్తు మిగిలిన వేళ అవి క్రింది నీటిని పైకి తోడును. కొరతపడిన వేళ అదే నీరు క్రిందికి దిగుచు వానిని త్రిప్పును. అచట శక్తి నీటి ఎత్తులో దాగుచున్నది. బ్యాటరీలో అది రసాయనిక మార్పులో దాగుచున్నది.

ఎండ పగలు కాయును. దీపము రాత్రి కావలెను. సౌరవిద్యుత్తు, గాలి విద్యుత్తు పెరిగినకొలది ఈ దాచుకొను పనికి గిరాకి హెచ్చినది. పలు దేశములలో ఇందుకొరకు కంపెనీలు ఏర్పడి ప్రజలకు వాటాలను, అనగా షేర్లను అమ్మినవి. కొద్దిపాటి జీతగాండ్రు, పింఛను పుచ్చుకొనువారు కూడ వీనిని కొన్నారు. కొన్నాళ్లకు ధర పడుట మొదలిడినపుడు వారికి నిద్రపట్టదు. "ఘటము మంచిదే అన్నారు, కంపెనీ మంచిదే అన్నారు, మరి ధర ఎందుకు పడుచున్నది? అమ్మివేయవలెనా, ఉంచుకొనవలెనా?" అని తలపట్టుకొందురు.

ఇందులో రెండవ ప్రశ్నకు విజ్ఞానశాస్త్రము జవాబు చెప్పజాలదు. మొదటి ప్రశ్నకు మాత్రము ఒక నిజమైన కంపెనీ చరిత్రను ముందుంచుకొని, ఉన్నత పాఠశాల గణితముతోనే చాలవరకు జవాబు చెప్పవచ్చును.

వాటా ధర దేనిని తెలుపును?

కంపెనీ యాజమాన్యమును సమానభాగములుగా విభజింపగా ఒక్కొక్క భాగము ఒక వాటా. మొదట కంపెనీ తానే వాటాలను అమ్మినపుడు ఆ సొమ్ము దాని పెట్టెలోనికి చేరును. తరువాత స్టాక్ ఎక్స్చేంజిలో ఒకరు మరియొకరికి అమ్మినపుడు సొమ్ము వారిద్దరి నడుమనే చేతులు మారును. కంపెనీకి పైసయు రాదు, పోదు. కావున ధర పడినంతమాత్రమున కంపెనీ పెట్టె ఖాళీ కాదు. కాని అది మరల క్రొత్త వాటాలను అమ్మజూచినపుడు తక్కువ సొమ్మే వచ్చును. చిక్కు అచటనే కలదు.

ఆనాటి ధర, రాబోవు లాభములను గురించి కొనువారును అమ్మువారును వేసుకొన్న అంచనా. అది నిన్నటి సంగతి కాదు, రేపటి ఊహ. ఊహ మారిన ధరయు మారును.

ఒక కంపెనీ కథ

అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రమున 2001లో ఎ123 సిస్టమ్స్ అను కంపెనీ స్థాపింపబడినది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆచార్యుడైన యెట్-మింగ్ చియాంగ్ దాని స్థాపకులలో ఒకరు. వారు తయారుచేసినది లిథియం అయాన్ ఘటము.

ఈ ఘటము విద్యుత్తు నిచ్చునపుడు లిథియం అయానులు గ్రాఫైటు ధ్రువమును విడిచి, నడుమనున్న ద్రవము గుండ రెండవ ధ్రువమునకు చేరును. ఎలక్ట్రానులు వెలుపలి తీగ గుండ పోవును. ఘటమును మరల నింపునపుడు ఈ నడక తలక్రిందులగును. తొలినాటి ఘటములలో రెండవ ధ్రువమును లిథియం కోబాల్టు ఆక్సైడుతో చేసెడివారు. అది మిక్కిలి వేడెక్కినచో ఆక్సిజనును విడుచును. మంటకు అది ఆహారమగును. కోబాల్టు ఖరీదైనది కూడ.

దీనికి బదులు లిథియం ఇనుప ఫాస్ఫేటును వాడవచ్చునని అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయమున జాన్ గుడెనఫ్ గారి బృందము 1997లో ప్రకటించినది. లిథియం ఘటములపై చేసిన కృషికి 2019లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమానమును పంచుకొన్న మువ్వురిలో ఈయన ఒకరు. ఫాస్ఫేటులో ఆక్సిజను భాస్వరముతో గట్టిగా బంధింపబడి యుండుటచే సులభముగా వెలికి రాదు. ఇనుము చౌక. అయితే ఈ పదార్థము విద్యుత్తును సరిగా ప్రసరింపనీయదు. బరువునుబట్టి చూచిన అది దాచు శక్తియు కొంత తక్కువ. మొదటి లోపమును సవరించుటకు ఎ123 కంపెనీ ఆ పదార్థమును మిల్లీమీటరులో పదివేలవవంతు ప్రమాణము గల సన్నని రేణువులుగా చేసి వాడినది. రేణువు చిన్నదైనకొలది అయాను నడువవలసిన దూరము తగ్గును. ఘటము వేగముగా నిండును, వేగముగా శక్తినిచ్చును.

ఈ ఘటములు మొదట చేతి డ్రిల్లు యంత్రములలో వాడబడినవి. తరువాత బస్సులకు, కార్లకు వచ్చినవి. 2011లో పశ్చిమ వర్జీనియా రాష్ట్రమందలి లారెల్ మౌంటెన్ గాలిమరల కేంద్రమున 32 మెగావాట్ల నిలువ ఏర్పాటు వీనితోనే జరిగినది. అనగా ఇది ఉత్తుత్తి కంపెనీ కాదు. శాస్త్రము నిజము, సరుకు నిజము. 2009 ఆగస్టులో అమెరికా ప్రభుత్వము కూడ దీనికి సుమారు 24 కోట్ల 90 లక్షల డాలర్ల సహాయమును మంజూరుచేసినది.

2009 సెప్టెంబరు 24న వాటాలు బజారునకు వచ్చినవి. కంపెనీ నిర్ణయించిన ధర 13 డాలర్ల 50 సెంట్లు. ఆనాటి సాయంకాలమునకు ధర 20 డాలర్ల 29 సెంట్లు. ఒక్కదినమున సగమునకు సగము పెరిగినది! ఆ ఒక్కదినమున ఘటములో ఏ మార్పును జరుగలేదు. పెరిగినది జనుల ఆశయే. 2011 ఏప్రిల్‌లో కంపెనీ మరల క్రొత్త వాటాలను అమ్మవలసి వచ్చినపుడు పలికిన ధర 6 డాలర్లు మాత్రమే.

వోల్టుమీటరు చెప్పనిది

సీసపు ఘటము ఖర్చగుచున్నకొలది దాని వోల్టేజి క్రమముగా తగ్గును. మీటరు చూచి ఇంకెంత మిగిలినదో ఇంచుమించుగా చెప్పవచ్చును. లిథియం ఇనుప ఫాస్ఫేటు ఘటము అట్లు కాదు. దాదాపు ఖాళీ అగువరకు దాని వోల్టేజి 3.2, 3.3 వోల్టుల దగ్గరనే నిలిచియుండి, చివర హఠాత్తుగా పడిపోవును. కావున దానిలో ఎంత మిగిలినదో తెలియుటకు వోల్టుమీటరు చాలదు. లోనికి ఎన్ని కూలుంబులు పోయినవో, వెలుపలికి ఎన్ని వచ్చినవో లెక్క వ్రాయుచుండవలెను.

కంపెనీ సంగతియు ఇట్టిదే. వాటా ధర మీటరు ముల్లు వంటిది. పెట్టెలో ఎంత మిగిలినదో అది చెప్పదు. దానికి జమాఖర్చులు చూడవలెను. 2011లో ఎ123 కంపెనీ అమ్మకములు సుమారు 15 కోట్ల 90 లక్షల డాలర్లు. నష్టము సుమారు 25 కోట్ల 80 లక్షల డాలర్లు. ఈ రెండును కలిపి అమ్మకములతో భాగించిన, ఒక డాలరు సరుకు అమ్ముటకు 2 డాలర్ల 60 సెంట్లకు పైగా ఖర్చగుచుండెనని తేలును. ఎలక్ట్రిక్ కార్లకు అనుకొన్నంత గిరాకి రాలేదు. పెద్ద కర్మాగారము కట్టి కొద్ది సరుకు తీసినచో, కర్మాగారపు ఖర్చంతయు ఆ కొద్ది సరుకుపైననే పడును.

ఒక యంత్రపు తప్పు

2012 మార్చిలో మరియొక దెబ్బ తగిలినది. మిషిగన్ రాష్ట్రములోని లివోనియా కర్మాగారమున తయారైన కొన్ని కారు ఘటములలో లోపమున్నదని కంపెనీయే ప్రకటించినది. స్వయముగా పనిచేయు ఒక వెల్డింగు యంత్రము సరిగా సరిచేయబడక, ఘటములోని ఒక భాగము కొంచెము ప్రక్కకు జరిగినది. వానిని మార్చి ఇచ్చుటకు సుమారు 5 కోట్ల 50 లక్షల డాలర్లు కావలసియుండునని అపుడు అంచనా వేసినారు.

ఇంత చిన్న తప్పునకు అంత ఖర్చేమి? విద్యార్థులు ఈ లెక్క చేసి చూడవచ్చును. ఒక బ్యాటరీలో 100 ఘటములు వరుసగా కలుపబడినవనుకొందము. ప్రతి వంద ఘటములలో ఒకటి చెడ్డదైన, ఒక ఘటము మంచిదగు సంభావ్యత 0.99. నూరును మంచివగుటకు 0.99ను నూరుసార్లు గుణింపవలెను, వచ్చునది 0.37. అనగా నూరు బ్యాటరీలలో 37 మాత్రమే పూర్తిగా నిర్దోషములు! వేయింటికి ఒక్కటే చెడ్డదైనను నూటికి తొమ్మిది, పది బ్యాటరీలలో లోపముండును. ప్రయోగశాలలో ఒక మంచి ఘటమును చేయుట వేరు. లక్షల ఘటములను ఒక్కతీరుగా చేయుట వేరు. మొదటిది శాస్త్రము, రెండవది పరిశ్రమ. చిన్న మదుపుదారులు పత్రికలలో మొదటిదానిని గురించి చదివి వాటా కొందురు. లాభనష్టములు మాత్రము రెండవదానిపై ఆధారపడును.

2012 అక్టోబరు 16న కంపెనీ దివాలా కోర్టును ఆశ్రయించినది. ముందురోజు వాటా ధర 24 సెంట్లు. తరువాత అది 6 సెంట్ల దరిదాపునకు దిగినది. మొదటి ధరకు 100 వాటాలు కొన్నవాడు పెట్టినది 1350 డాలర్లు. మొదటిదినము సాయంకాలమున వాని లెక్క 2029 డాలర్లు. దివాలాకు ముందురోజు చేతిలో నున్నది 24 డాలర్లు. అదే సంవత్సరము డిసెంబరులో జరిగిన వేలములో చీనా దేశపు వాన్‌షియాంగ్ సంస్థ చాలవరకు ఆస్తులను 25 కోట్ల 66 లక్షల డాలర్లకు పాడుకొన్నది. ఇట్టి సొమ్ము మొదట అప్పులిచ్చినవారికి చెందును. వాటాదారుడు యజమాని కనుక వరుసలో కడపట నిలువవలెను.

తగ్గుదల లెక్క

ధర పడినపుడు రెండు పొరపాట్లు సాధారణముగా జరుగును. నూరు రూపాయల వాటా 50కి దిగిన తగ్గుదల నూటికి 50. మరల నూరు కావలెనన్న 50పై నూటికి నూరు పెరుగవలెను. దిగుటకును ఎక్కుటకును మెట్ల లెక్క ఒకటి కాదు. ఇది మొదటిది. "ఇంత పడినది, ఇక పడుట కేమున్నది?" అనుకొనుట రెండవది. పై కథలో 24 సెంట్లకు కొన్నవాడును, ధర 6 సెంట్లకు దిగినపుడు పెట్టినదానిలో నాలుగింట మూడువంతులు పోగొట్టుకొన్నాడు.

అట్లని పడిన ప్రతి ధరయు దివాలాకు గుర్తు కాదు. కంపెనీలో ఏ తప్పును లేకున్నను ధర పడవచ్చును. పదేండ్లకు 100 రూపాయల లాభము రానున్నదనుకొందము. వడ్డీ నూటికి 4 అయినచో దాని నేటి విలువ సుమారు 68 రూపాయలు. వడ్డీ 8 అయినచో 46 రూపాయలే. లాభములు దూరమున నున్న క్రొత్త కంపెనీలకు వడ్డీ పెరుగుదల ఎక్కువగా తగులుట కిదియే కారణము. 2022లో అమెరికాలో వడ్డీరేట్లు పెరిగినపుడు ఇట్టి కంపెనీల వాటాలు దెబ్బతినుటకు ఇదియు ఒక కారణమే.

శాస్త్రము నిలిచినది

ఆ కంపెనీ వాటాలు పోయినను ఆ రసాయనము పోలేదు. 2024లో ప్రపంచమందలి ఎలక్ట్రిక్ వాహనముల బ్యాటరీలలో దాదాపు సగము లిథియం ఇనుప ఫాస్ఫేటువే. 2010 ప్రాంతమున ఒక యూనిట్ విద్యుత్తు దాచగల బ్యాటరీ వేయి డాలర్లకు పైగా ఉండగా, 2024 నాటికి సగటున 115 డాలర్లకు దిగినది. కొనువానికి ఇది మేలు. తయారుచేయువానికి మాత్రము ప్రతి సంవత్సరము సరుకు ధర తగ్గుచుండగా ఖర్చును అంతకన్న త్వరగా తగ్గించుకొనవలసిన అగత్యము. లోకమునకు మేలుచేసిన ప్రతి ఆవిష్కరణమును దానిని మొదట నమ్మినవారికి లాభము తెచ్చునని నియమము లేదు.

కనుక ధర పడినపుడు వాటాదారుడు తనను తాను అడుగవలసిన ప్రశ్నలు ఇవి: ఇతర కంపెనీల ధరలు కూడ పడినవా, దీనిది మాత్రమే పడినదా? ఒక డాలరు లేక రూపాయి సరుకునకు ఎంత ఖర్చగుచున్నది? చేతనున్న సొమ్ము ఎన్ని నెలలకు చాలును? క్రొత్త వాటాలు అమ్మి నా భాగమును పలుచన చేయుచున్నారా? కొనువారు పలువురా, ఒకరిద్దరేనా? వీనికి జవాబులు ధరల పట్టికలో దొరకవు. కంపెనీ వార్షిక నివేదికలో దొరకును.

గణితోపాధ్యాయులు ఏదేని ఒక కంపెనీ నివేదికను తరగతికి తెచ్చి ఈ లెక్కలు చేయించిన శాతములు, సంభావ్యత, చక్రవడ్డీ మూడును ఒకేచోట అభ్యాసమగును. ఆ పిల్లలు రేపు జీతములు పుచ్చుకొని మదుపు పెట్టుదురు. వచ్చే జూన్‌లో చదువు ఫీజులకు కట్టవలసిన సొమ్మును ఇట్టి వాటాలలో పెట్టరాదని వారు ఈ లెక్కలవలననే గ్రహింపగలరు.