కాల్చేస్తామా, కాల్చేద్దామా: పాత్రధారణ ఆటల్లో స్వేచ్ఛ, అధర్మం

తొండియార్‌పేటలో ఒక మిద్దె మీద నలుగురు విద్యార్థులు చాప పరుచుకొని ఆడుతున్నారనుకుందాం. గవ్వలు లేవు, గళ్ల పటం లేదు. ఉన్నవి కాగితాలు, పెన్సిళ్లు, రకరకాల ముఖాలున్న పాచికలు. ఒకరు కథ నడుపుతారు. మన నాటక సంప్రదాయంలోని సూత్రధారి అన్న మాట ఆ పనికి చక్కగా సరిపోతుంది. తక్కిన ముగ్గురూ తలా ఒక పాత్ర పట్టుకొని తామేం చేస్తారో చెబుతారు. ఫలితం సందేహమైన చోట పాచిక తేలుస్తుంది. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ వెలువరించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'తో ఈ పద్ధతి లోకానికి పరిచయమైంది.

కథలో సాహసికులు ఉప్పు పండించే పల్లె ఒకటి చేరారు. దొంగల ఆచూకీ అడిగితే ఊరిపెద్ద నోరు విప్పడు. విసిగిపోయిన ఒక ఆటగాడు "ఊరు కాల్చేస్తాం" అన్నాడు. సూత్రధారి ఏం చెయ్యాలి? ఏమైనా చెయ్యవచ్చుననేదే ఈ ఆటకు ప్రాణం. కూడదంటే ఆట కాస్తా హరికథ అవుతుంది, ఒకరు చెప్పడం, ముగ్గురు వినడం. సరేనంటే పక్కనున్న ఇద్దరి ఆదివారం పాడవుతుంది.

ముక్కోటి ఏకాదశి జాగారానికి ఆడే వైకుంఠపాళిలో ఈ చిక్కు లేదు. అక్కడ పాపాలు పాములు, పుణ్యాలు నిచ్చెనలు. కాని పైదాకా వెళ్లి పెద్దపాము నోట పడినవాడు చేసిన పాపమేమిటి? పందెం అలా పడింది, అంతే. తీర్పు ఉంది, ఎంపిక లేదు. కర్మ సిద్ధాంతం చెప్పడానికి పనికివచ్చే ఆట అది.

పాత్రధారణ ఆటలు తొలినాళ్లలో మరో దారి పట్టాయి. ప్రతి పాత్రకూ ముందే ఒక ముద్ర వేశారు. 1974లో మూడు ముద్రలు. 1978 నాటి ఆటగాళ్ల గ్రంథానికి అవి తొమ్మిదయ్యాయి. నియమానికి కట్టుబడతాడా లేదా అన్నది ఒక కొలత, మంచివాడా చెడ్డవాడా అన్నది మరొకటి. వీటిని తెలుగు చెయ్యబోతే మొదటి అడుగులోనే కాలు తట్టుకుంటుంది. మన 'ధర్మం' రెండు కొలతలనూ కలిపి పట్టుకునే మాట. నియమం తప్పని దుర్మార్గుణ్ణి ఏమనాలి? ధర్మాత్ముడైన దుష్టుడనలేం కదా! అదలా ఉంచి, ముద్రతో అసలు ఇబ్బంది వేరే ఉంది. ఊరు కాల్చాక "నా పాత్ర స్వభావమే అంత" అని ఆటగాడు చేతులు దులుపుకోవచ్చు.

మాకు నచ్చే పద్ధతి ద్రోణపర్వంలో ఉంది. అశ్వత్థామ చనిపోయాడని ధర్మరాజు గట్టిగా అని, ఏనుగు సంగతి మెల్లగా అన్నాడు. అప్పటిదాకా నేలకు నాలుగు అంగుళ్ల ఎత్తున నడిచిన రథం నేలను తాకింది. ఎవరూ ఆయన నోరు మూయలేదు. ఆ మాటతో అనుకున్న పనీ జరిగింది. రథం మాత్రం దిగింది. సూత్రధారి నేర్చుకోవలసింది ఈ ఒడుపే. పల్లె కాలితే పక్క ఊళ్లో తలుపులు మూసుకుంటాయి; సంతలో ఉప్పు దొరకదు; బతికి బయటపడ్డ కుర్రవాడు ముఖాలు గుర్తుపెట్టుకుంటాడు. కోపం వచ్చి సూత్రధారి ఆకాశం నుంచి పిడుగు వేస్తే అది వైకుంఠపాళిలోని పామే.

అయినా ఇది సగం జవాబే. తక్కిన సగం మిద్దె మీద ఉంది, అక్కడ మనకు తెలుగు క్రియ సాయపడుతుంది. తమిళంలో నామ్, నాంగళ్ భేదం విన్న చెన్నై విద్యార్థికి మనం, మేము కొత్త కావు. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట కనుక పైదేశాల్లో పెరిగిన మన పిల్లలు రెండు చోట్లా 'మేము' అనేస్తుంటారు. (ఈ వ్యాసంలో ఒక్కరమే ఉండి 'మేము' అనడం పాత పంతుళ్ల అలవాటు, దానికి వ్యాకరణం పూచీ లేదు.) 'కాల్చేస్తాం' అన్నప్పుడు సర్వనామం జారిపోతుంది, మేమో మనమో ప్రత్యయం చెప్పదు. 'కాల్చేద్దాం' అలా కాదు. '-దాం'లో వినేవాడు తప్పక ఉంటాడు, అతడి ఒప్పుకోలు కోసం మాట ఆగుతుంది. 'కాల్చేస్తాను' అంటే భారమంతా ఒక్కడిదే. మన ఆటగాడు తోటివారిని అడక్కుండానే వాళ్లను '-తాం'లోకి లాగేశాడు. కనుక సూత్రధారి ఆ మాటను వెనక్కి తిప్పి, "ఏరా, కాల్చేద్దామా?" అని తక్కినవాళ్లను అడిగించాలి.

పాత్రల తగాదా వేరు, మనుషుల బాధ వేరు. బందీని హింసించడం, ఆడవాళ్ల మీద అత్యాచారం వంటివి కథలో పగకు ఎంత అక్కరకొచ్చినా, వినేవాళ్లలో ఒకరికి భరించరానివి కావచ్చు. వీటికోసం రాన్ ఎడ్వర్డ్స్ అనే అమెరికన్ ఆటల రచయిత 2003లో రెండు మాటలు వాడాడు: గీత, తెర. గీత దాటినది ఆటలోకే రాదు. తెర వెనకది జరుగుతుంది, వర్ణించరు. రెండోది మనకు తెలియనిదా? చావును రంగస్థలం మీద చూపకుండా పాత్రల నోట చెప్పించిన నాటక సంప్రదాయం మనది. ఈ ఏర్పాటు ఆట మొదలుపెట్టక ముందే, అందరూ కూర్చుని, 'మనం' అన్న మాటతో జరగాలి.

ఇంతకీ ఆ పల్లె. అడిగితే ఇద్దరు వద్దన్నారనుకుందాం. మూడోవాడు ఇంకా "నేను కాల్చేస్తాను" అనవచ్చు, కాగడా అతడి చేతిలోనే ఉంది. అప్పుడు సూత్రధారి మొదట అడగవలసింది ఆ ఇద్దరి పాత్రలనే: అతడి చెయ్యి పట్టుకుంటారా, చూస్తూ నిలబడతారా?