గోడమీద సాలెపురుగు, కట్టెలకింద తేలు

పోయిన కార్తీక మాసంలో ఒక రాత్రి. బయట వాన పడుతోంది. మా చదువు కేంద్రంలో పదిమంది కూర్చుని చదువుకుంటున్నారు. అప్పుడు గోడమీద పెద్ద సాలెపురుగు కనిపించింది. కాళ్లతో కలిపి అరచెయ్యంత ఉంది. ఒక పెద్దమ్మ గబుక్కున లేచింది. పుస్తకం పక్కన పెట్టి చీపురు అందుకుంది.

"కొట్టొద్దు పెద్దమ్మా" అన్నాను.

"నీకు తెలీదులే టీచరమ్మా. అది ఒంటిమీద పాకితే పొక్కులు లేస్తాయి" అంది. ఒక్క దెబ్బ వేసింది. సాలెపురుగు చచ్చింది.

పెద్దమ్మ పక్కనే ఆమె మనవరాలు నిద్రపోతోంది. రెండేళ్ల పాప. పాప కాలిమీద నాలుగు దోమలు కూర్చుని రక్తం తాగుతున్నాయి. వాటిని ఎవరూ చూడలేదు. నేనూ ఆలస్యంగానే చూశాను.

మన ఇంట్లో మనతోపాటు ఎన్నో పురుగులు ఉంటాయి. వాటిలో మేలు చేసేవి ఏవి? కీడు చేసేవి ఏవి? పైకి చూస్తే తెలియదు. పెద్దగా, నల్లగా, భయంగా ఉండేది ఒక్కోసారి ఏమీ చెయ్యదు. చిన్నగా ఉండేది ప్రాణం తీస్తుంది. అందుకే వాటిని గుర్తుపట్టడం నేర్చుకుందాం.

మొదట సాలెపురుగు సంగతి చూద్దాం. దీన్నే సాలీడు అని కూడా అంటారు. దీనికి ఎనిమిది కాళ్లు ఉంటాయి. రెక్కలు ఉండవు. ఈగకు, చీమకు, బొద్దింకకు ఆరు కాళ్లు ఉంటాయి. కాళ్లు లెక్కపెడితే చాలు, ఏది సాలెపురుగో, ఏది కాదో తెలిసిపోతుంది.

పెద్దమ్మ చంపిన సాలెపురుగు గూడు కట్టదు. పగలు సందుల్లో దాక్కుంటుంది. రాత్రి బయటికి వచ్చి గోడమీద పరుగెత్తుతుంది. దేనికోసం? బొద్దింకల కోసం. ఒక్కోసారి దాని పొట్టకింద తెల్లటి గుండ్రటి బిళ్ల కనిపిస్తుంది. అది దాని గుడ్ల సంచి. దాన్ని మోసుకుంటూ తిరుగుతుంది. ఈ సాలెపురుగు మనిషి జోలికి రాదు. చేత్తో నొక్కి పట్టుకుంటే కొరకవచ్చు. కొరికినా కాసేపు నొప్పి, అంతే.

ఇంటి మూలల్లో బూజు కట్టేది ఇంకొకటి. దాని కాళ్లు దారాల్లాగా పొడుగ్గా ఉంటాయి. గోడమీద గెంతుతూ ఈగల్ని పట్టేది మరొకటి. చిన్నది. మన వైపు తిరిగి చూస్తుంది కూడా. ఇవేవీ మనకు హాని చెయ్యవు. బూజు దులుపుకోండి, తప్పులేదు. సాలెపురుగుని మాత్రం కాగితంమీదికో చేటలోకో ఎక్కించి బయట వదిలేస్తే సరిపోతుంది.

కాళహస్తి కథ మనందరికీ తెలుసు. శ్రీ అంటే సాలెపురుగు. కాళం అంటే పాము. హస్తి అంటే ఏనుగు. ఈ మూడూ శివుణ్ణి కొలిచాయని కథ. అక్కడికి పోయి దండం పెట్టుకుంటాం. ఇంటికొచ్చి చీపురు తీసుకుంటాం!

మరి పెద్దమ్మ చెప్పిన పొక్కుల సంగతి ఏంది? పొక్కులు రావడం నిజం. ఆమె అబద్ధం చెప్పలేదు. కానీ చేసింది సాలెపురుగు కాదు.

వానల రోజుల్లో రాత్రిపూట మన కయ్యల్లోంచి దీపం దగ్గరికి ఒక పురుగు వస్తుంది. చూడడానికి పెద్ద చీమలాగా సన్నగా ఉంటుంది. ఒళ్లు కొంత ఎర్రగా, కొంత నల్లగా, అంచెలంచెలుగా ఉంటుంది. ఇది కుట్టదు. కరవదు. మెడమీదో చేతిమీదో పాకుతుంది. మనం నిద్రలో దాన్ని నలిపేస్తాం. దాని ఒంట్లో మంట పుట్టించే రసం ఉంది. ఆ రసం మన చర్మానికి అంటుతుంది. అప్పుడు ఏమీ తెలియదు. ఒకరోజు పోయాక గీత గీసినట్టు ఎర్రగా కాలుతుంది. పొక్కులు లేస్తాయి. పొద్దున లేచి చూస్తే గోడమీద సాలెపురుగు ఉంటుంది. "ఇదే పాకింది" అంటాం. నేరం దానిమీద పడుతుంది.

ఆ పురుగు ఒంటిమీద వాలితే నలపకండి. నోటితో ఊదెయ్యండి. నలిగిపోతే వెంటనే సబ్బుతో బాగా కడగండి. ఆ చేత్తో కన్ను రుద్దకండి. కన్ను వాచిపోతుంది. పడుకునేటప్పుడు మంచం పైన లైటు ఆపండి. ఇంకో మాట. ఈ పురుగు వరిలో సుడిదోమని తింటుంది. చేలో అది మనకు చుట్టం. ఇంట్లోనే దాంతో తంటా.

నడుముకో ఛాతీకో ఒక పక్కనే పట్టీలాగా పొక్కులు వచ్చి, భరించలేని మంట ఉంటే అది వేరే జబ్బు. దాన్ని సర్పి అంటారు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినవాళ్లకు పెద్దయ్యాక వస్తుంది. ఏ పురుగూ పాకినందువల్ల రాదు. దీనికి మందు ఉంది. రెండు మూడు రోజుల్లోపల డాక్టరు దగ్గరికి పోతే బాగా పనిచేస్తుంది.

ఇక తేలు. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి.

తేలుకు కూడా ఎనిమిది కాళ్లే. ముందర రెండు డెక్కలు ఉంటాయి. తోక చివర కొండి ఉంటుంది. కొండిలో విషం ఉంటుంది. మన వైపు ముఖ్యంగా రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి నల్ల తేలు. పెద్దదాన్ని మండ్రగబ్బ అంటాం. జానెడు దాకా పెరుగుతుంది. చూస్తేనే గుండె ఝల్లుమంటుంది. రెండోది ఎర్ర తేలు. చిన్నది. రెండు మూడు అంగుళాలు ఉంటుంది. ఇటుక రంగులోనో గోధుమ రంగులోనో ఉంటుంది.

ఏది ప్రమాదం? ఎర్ర తేలు!

చీకట్లో రంగు సరిగా తెలియకపోతే డెక్కలు, తోక చూడండి. మండ్రగబ్బకు డెక్కలు లావు, తోక సన్నం. అది డెక్కలతో పని జరుపుకుంటుంది. విషం బలం తక్కువ. ఎర్ర తేలుకు డెక్కలు సన్నం, తోక లావు. దాని బలమంతా విషంలోనే ఉంది.

రెండేళ్ల కిందట ఎండాకాలంలో మా పక్క ఊళ్లో ఏడేళ్ల పిల్లవాడు సరుగుడు తోటలో పుల్లలు ఏరుతున్నాడు. వేలిమీద తేలు కుట్టింది. ఇంటికి పరుగెత్తాడు. వాళ్లు మంత్రం వేసే ఆయన దగ్గరికి తీసుకుపోయారు. ఆయన మంత్రం వేశాడు. చింతగింజ అరగదీసి అంటించాడు. కాసేపటికి "నొప్పి తగ్గింది" అన్నాడు పిల్లవాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఇంకాసేపటికి పిల్లవాడికి ఒళ్లంతా చెమటలు పట్టాయి. చొక్కా తడిసిపోయింది. రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. చేతులు, కాళ్లు చల్లబడ్డాయి. అప్పుడు ఆటో ఎక్కించారు. నేనూ ఆ ఆటోలో పోయాను. దారిలో వాడు ఆయాసపడుతుంటే వాళ్లమ్మ ముఖం నేను చూడలేకపోయాను. ఆసుపత్రిలో డాక్టరు వాడి చేతులు పట్టుకుని చూసి, "ఎర్ర తేలేనా?" అని అడిగాడు. వెంటనే మందు ఇచ్చాడు. రెండు రోజులు అక్కడే ఉంచుకున్నాడు. పిల్లవాడు బతికాడు. ఇంకో గంట ఆలస్యమైతే ఏమయ్యేదో!

మరి మంత్రంతో నొప్పి ఎందుకు తగ్గింది? నల్ల తేలు కుడితే నొప్పి చాలా ఉంటుంది. కొన్ని గంటలకు దానంతట అదే తగ్గుతుంది. మంత్రం వేసినా తగ్గుతుంది, వెయ్యకపోయినా తగ్గుతుంది. పేరు మంత్రానికి వస్తుంది. ఎర్ర తేలు సంగతి వేరు. విషం ఒళ్లంతా పాకినప్పుడు కుట్టినచోట నొప్పి తక్కువగా కూడా ఉండవచ్చు. అందుకే "నొప్పి లేదుగా" అని కూర్చోకూడదు. చెమటలు, వాంతులు, నోట్లో చొంగ, చల్లబడ్డ చేతులు కాళ్లు, ఆయాసం. వీటిలో ఏది కనిపించినా ప్రమాదమే.

ఈ విషం ఏం చేస్తుంది? ఒంట్లో రక్తనాళాలు బిగుసుకుపోతాయి. గుండె మీద భారం పడుతుంది. గుండె అలసిపోతుంది. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. చిన్నపిల్లలు దీన్ని తట్టుకోలేరు.

మహారాష్ట్రలో కొంకణ ప్రాంతంలో మహాడ్ అనే ఊరు ఉంది. అక్కడ హిమ్మత్‌రావ్ బావస్కర్ అనే డాక్టరు పనిచేశారు. పేద కుటుంబంలో పుట్టి చదువుకున్న మనిషి. 1970ల చివర్లో ఆ పల్లెల్లో ఎర్ర తేలు కుట్టి పిల్లలు చనిపోవడం చూశారు. ఒక్కొక్క రోగి పక్కనే కూర్చుని, నాడి, రక్తపోటు చూసి రాసుకున్నారు. గుండె ఎలా దెబ్బతింటోందో అర్థం చేసుకున్నారు. బీపీకి వాడే ప్రజోసిన్ అనే మందు ఇచ్చి చూశారు. బిగుసుకున్న రక్తనాళాలు వదులయ్యాయి. పిల్లలు బతకసాగారు. 1980ల నుంచి ఈ మందు వాడుకలోకి వచ్చింది. తేలు విషానికి విరుగుడు ఇంజెక్షన్ కూడా మన దేశంలో తయారవుతోంది. రెండూ కలిపి ఇస్తే ఇంకా త్వరగా కోలుకుంటారని 2011లో ఆయనే రాశారు. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. గొప్ప నగరంలో, పెద్ద ఆసుపత్రిలో కనిపెట్టిన వైద్యం కాదు ఇది. పల్లెల్లో పనిచేస్తూ కనిపెట్టింది.

ఈ మాత్ర మనం కొని ఇంట్లో వెయ్యకూడదు. బీపీ ఉన్నట్టుండి పడిపోతుంది. డాక్టరే ఇవ్వాలి.

తేలు కుడితే మనం చెయ్యాల్సింది ఇది. కుట్టినచోట సబ్బుతో కడగండి. వేలికి ఉంగరం ఉంటే తీసెయ్యండి. గట్టిగా తాడు కట్టకండి. బ్లేడుతో కొయ్యకండి. 108కి ఫోన్ చెయ్యండి. లేకపోతే ఏ బండి దొరికితే ఆ బండిలో పొండి. ఎన్ని గంటలకు కుట్టింది, తేలు ఏ రంగు అనేది డాక్టరుకి చెప్పండి. పిల్లలకు కుడితే రంగు ఏదైనా సరే ఆసుపత్రికే.

తేలు ఎక్కడ ఉంటుంది? కట్టెల కింద, రాళ్ల కింద, తాటాకు కప్పులో, ఎండిన కొబ్బరి మట్టల్లో, చుట్టి పెట్టిన చాపలో, పాత వలల్లో. రాత్రి తిరుగుతుంది. వలకుప్ప కదిలించేముందు కర్రతో తట్టండి. చాప దులిపి పరవండి. చెప్పులు బోర్లించి వేసుకోండి. మంచం గోడకు కాస్త దూరంగా వెయ్యండి. ఇంటి గోడని ఆనించి కట్టెలు పేర్చకండి.

జెర్రి కరిస్తే మంట, వాపు ఉంటాయి. మామూలుగా ప్రాణానికి భయం లేదు. ముట్టుకుంటే చుట్టుకుపోయే రోకలిబండ కరవనే కరవదు.

ఇప్పుడు ఆ పాప కాలిమీద కూర్చున్న దోమల దగ్గరికి వద్దాం. మన ఇంట్లో అన్నిటికన్నా పెద్ద శత్రువు దోమే. కుట్టేది ఆడ దోమ ఒక్కటే. మూడు రకాలు గుర్తుపెట్టుకోండి. గోడమీద తల కిందికి, తోక పైకి పెట్టి ఏటవాలుగా కూర్చునేది మలేరియా దోమ. కాళ్లమీద తెల్ల చారలు ఉండి పగలు కుట్టేది డెంగీ దోమ. మురికి నీళ్లలో పుట్టి రాత్రి కుట్టేది బోదకాలు తెచ్చే దోమ.

మలేరియా దోమవల్ల వస్తుందని ఒకప్పుడు తెలియదు. చెడ్డ గాలివల్ల వస్తుందని అనుకునేవాళ్లు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ పొట్ట కోసి చూశాడు. అందులో మలేరియా క్రిమి కనిపించింది. ఆ దోమలకు తన రక్తం ఇచ్చిన రోగి పేరు హుసేన్ ఖాన్. దోమకు ఒక అణా చొప్పున ఆయనకు ఇచ్చారట. రాస్‌కి 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. హుసేన్ ఖాన్‌కి అణాలే మిగిలాయి.

దోమ గుడ్డు పెట్టిన దగ్గరనుంచి రెక్కలు వచ్చేదాకా వారం, పది రోజులు పడుతుంది. ఆ లోపల నీళ్లు పారబోస్తే దోమ పుట్టదు. శుక్రవారం డ్రై డే అని చెప్పేది ఇందుకే. తొట్టి, కుండ ఖాళీ చేసి లోపల గట్టిగా తోమాలి. డెంగీ దోమ గుడ్లు గోడకు అంటుకుని నెలల తరబడి ఎండినా చావవు. మన సముద్రపు ఒడ్డున ఇంకొన్ని చూడాలి. గట్టుకి లాగిన పడవలో నిలిచిన వాననీళ్లు, పారేసిన థర్మోకోల్ చేపల పెట్టెలు, కొబ్బరి చిప్పలు, వాడకుండా వదిలేసిన రొయ్యల గుంటలు. కాస్త ఉప్పు నీళ్లలో కూడా పెరిగే దోమలు ఉన్నాయి. పిల్లల్ని దోమతెరలో పడుకోబెట్టండి. వేపాకు పొగ వేస్తే పసిబిడ్డని ఆ గదిలో ఉంచకండి.

బొద్దింకలు ఎండుచేపల బుట్ట దగ్గర చేరతాయి. మూతపెట్టి ఉంచండి. నల్లులు పడితే మంచం ఎండలో వేసి సందుల్లో మరిగే నీళ్లు పొయ్యండి. చీమల మందు సుద్ద పలకమీద రాసే బలపంలాగా ఉంటుంది. పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. పైన దాచండి. చేలో కొట్టే మందు మాత్రం ఇంట్లో చల్లకండి. పేలకని తలకు రాయకండి. ఆ డబ్బా కడిగి నీళ్లు పట్టకండి. పురుగుకన్నా ముందు మనిషి పోతాడు.

రేపు పొద్దున ఒక పని చెయ్యండి. కట్టెల కుప్ప, నీళ్ల తొట్టి, చాప, చెప్పులు, ఇంటి చూరు. ఈ ఐదు చోట్లా చూడండి. కట్టెల దగ్గర చెయ్యి పెట్టకండి, కర్రతో కదిలించండి. ఏ పురుగు కనిపించింది? ఎన్ని కాళ్లు? ఏ రంగు? పుస్తకం చివర ఉన్న గీతల మీద రాసి తీసుకురండి. పెద్దమ్మ అప్పుడే ఒకటి రాసింది: "తొట్టిలో దోమ పిల్లలు. పారబోశాను."