‘రంగం’పై బాంబులు.. ఉత్తరాంధ్ర ఇళ్లలో చీకట్లు

1941 డిసెంబరులో రంగూన్ వీధుల్లో నేలకొరిగిన వారిలో తెలుగు కూలీలు
నాలుగు నెలలు తిరగకముందే విశాఖ, కాకినాడలపై జపాను విమానాలు

విశాఖపట్నం: ఉత్తరాంధ్ర పల్లెల్లో ఒకనాడు ‘రంగం వెళ్లాడు’ అంటే బర్మా రాజధాని రంగూన్‌కు కూలికి వెళ్లాడని అర్థం. వానలు మొహం చాటేసిన ఏట అప్పు తీర్చడానికి, ఆడపిల్ల పెళ్లి చేయడానికి, ఎకరం భూమి కొనడానికి ఓడ ఎక్కిన వారు వేల సంఖ్యలో ఉండేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ రంగమే యుద్ధరంగంగా మారింది. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ నగరంపై కురిపించిన బాంబులు అక్కడి వీధులను, ఇళ్లను మాత్రమే కూల్చలేదు. సముద్రానికి ఇవతల వందల గ్రామాలకు జీవనాధారమైన దారిని కూడా మూసివేశాయి. ఆ రోజు అంతమంది ఎందుకు చనిపోయారు, బతికినవారు ఎలా తిరిగివచ్చారు, ఆ యుద్ధం మన తీరానికి ఎలా చేరిందన్నది నేటి తరానికి అంతగా తెలియని చరిత్ర.

కోరంగి పేరే వారి పేరు

బర్మాలో తెలుగువారిని ‘కోరంగీలు’ అని పిలిచేవారు. కాకినాడ సమీపంలోని కోరంగి రేవు నుంచి తొలినాళ్లలో వలస సాగడమే దీనికి కారణం. 1839 తుపానులో ఆ రేవు దెబ్బతిన్నా పేరు మాత్రం నిలిచిపోయింది. తరువాతి కాలంలో కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, బారువ, గోపాలపురం రేవుల నుంచి ఓడలు రంగూన్‌కు నడిచాయి. నాటి గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచే ఎక్కువ మంది వెళ్లేవారు.

1931 జనాభా లెక్కల ప్రకారం రంగూన్ జనాభా సుమారు 4 లక్షలు. అందులో సగానికి పైగా భారతీయులే. బర్మా మొత్తం మీద తెలుగువారు లక్షకు పైగా ఉండేవారు. రేవులో బస్తాలు మోయడం, బియ్యం మిల్లుల్లో పని, రిక్షా లాగడం, వీధులు ఊడ్చడం వంటి కష్టమైన పనులన్నీ వారి చేతుల్లోనే ఉండేవి. మేస్త్రీ ఊరికి వచ్చి బయానా ఇచ్చి మనుషులను తీసుకెళ్లేవాడు. కూలి సొమ్ము కూడా అతని చేతి మీదుగానే అందేది. ఒక్కో గదిలో పదుల మంది సర్దుకుని ఉండే ఇరుకు బ్యారకులే వారికి ఇళ్లు. 1930 మే నెలలో రేవు పనుల విషయమై తెలుగు కూలీలకు, బర్మా కూలీలకు మధ్య తలెత్తిన వివాదం అల్లర్లకు దారితీసి వంద మందికి పైగా ప్రాణాలు బలిగొంది. అయినా వలస ఆగలేదు. ఊళ్లో పని లేకపోవడమే అందుకు కారణం.

ఆ ఉదయం ఏం జరిగిందంటే..

రంగూన్ నగరాన్ని 1852 యుద్ధం తరువాత ఆంగ్లేయులు గళ్లనుడి కాగితంలా గీతలు గీసి నిర్మించారు. మధ్యలో సూలే పగోడా. నది వెంట స్ట్రాండ్ రోడ్డు. దానికి సమాంతరంగా మర్చంట్, డల్హౌసీ, ఫ్రేజర్ వీధులు. వాటిని అడ్డంగా కోస్తూ అంకెలతో పిలిచే సన్నని సందులు. పెద్ద వీధుల్లో ఇటుక మేడలు ఉంటే, సందుల్లోనూ శివార్లలోనూ చెక్క ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. రేవు ఈ వీధులకు కూతవేటు దూరంలోనే ఉండేది. రేవును కొట్టే బాంబు కాస్త పక్కకు జరిగితే ఇళ్ల మీదనే పడుతుంది.

1941 డిసెంబరు 23 ఉదయం జపాను విమానాలు మింగలడాన్ విమానాశ్రయంతో పాటు రేవును, నగరాన్ని లక్ష్యంగా చేసుకున్నాయి. బ్రిటిష్ వైమానిక దళానికి చెందిన బఫెలో విమానాలు, ‘ఫ్లయింగ్ టైగర్స్’గా పేరొందిన అమెరికా స్వచ్ఛంద దళం విమానాలు వాటిని ఎదుర్కొన్నాయి. రంగూన్ ప్రజలకు అంతకుముందు ఇటువంటి దాడి అనుభవం లేదు. సైరన్ మోగినా చాలామంది దాక్కోలేదు. ఆకాశంలో మెరుస్తున్న విమానాలను చూడడానికి వీధుల్లోకి వచ్చి నిలబడ్డారు. బాంబులు ఆ గుంపుల మధ్యనే పడ్డాయి.

ఆ ఒక్కరోజే మృతులు వేయికి పైగా ఉంటారని, రెండు వేలకు చేరి ఉండవచ్చని వేర్వేరు అంచనాలు ఉన్నాయి. క్రిస్మస్ రోజున, అంటే డిసెంబరు 25న, మళ్లీ దాడి జరిగింది.

నిలబడితే ముప్పు.. పడుకుంటే రక్షణ

బాంబు నేరుగా నెత్తిన పడి చనిపోయేవారు తక్కువ. ఎక్కువ ప్రాణాలు తీసేది దాని పెంకులు. చిన్న బాంబు గట్టి రోడ్డును తాకిన వెంటనే పేలితే ఉక్కు ముక్కలు నేలకు కొద్ది ఎత్తున నలుదిక్కులకూ దూసుకుపోతాయి. నిలబడిన మనిషికి అవి కాళ్లకో, పొట్టకో, ఛాతీకో తగులుతాయి. అదే చోట బోర్లా పడుకున్న మనిషి మీదుగా చాలా ముక్కలు దాటిపోతాయి. నడుము లోతు కందకంలో కూర్చున్నవారికి రక్షణ ఇంకా ఎక్కువ. కందకాన్ని తిన్నగా కాకుండా వంకరటింకరగా తవ్వమని చెప్పడానికి కారణం కూడా ఇదే. ఒక కొసన బాంబు పడినా పెంకులు రెండో కొస దాకా రాకుండా మలుపు అడ్డుకుంటుంది. రంగూన్‌లో కందకాలు తవ్వినా వాటిలోకి దిగాలన్న ఆలోచన ప్రజలకు అలవడలేదు.

రెండో ముప్పు గాలి దెబ్బ. పేలుడు తాకిడికి గోడలు పెళ్లలుగా రాలి, కిటికీ అద్దాలు కత్తుల్లా ఎగురుతాయి. మూడోది నిప్పు. చెక్క ఇళ్లు ఆనుకుని ఉన్న సందులో ఒక ఇల్లు అంటుకుంటే వరుస మొత్తం కాలిపోతుంది. అప్పటికే నేలలోని నీటి గొట్టాలు పగిలిపోతే మంటలార్పే బండి వచ్చినా నీరు అందదు. కూలిన గోడలు వీధికి అడ్డంగా పడితే బండి రావడమే కష్టం. వీధి దెబ్బతింటే ఇంటిని కాపాడే దారి కూడా మూసుకుపోతుందన్నది బాంబు దాడికి గురైన ప్రతి నగరం నేర్చుకున్న పాఠం.

కూలీ లేని నగరం

డిసెంబరు దాడుల తరువాత రంగూన్‌ను వాస్తవంగా స్తంభింపజేసింది కూలిన మేడలు కాదు, వెళ్లిపోయిన కూలీలు. వేలాది మంది భారతీయులు మూటాముల్లె సర్దుకుని ప్రోమ్ రోడ్డు వెంట ఉత్తర దిశగా కదిలారు. రేవులో ఓడల నుంచి సరుకు దించేవారు లేకపోయారు. వీధుల్లో చెత్త ఎత్తేవారు, మరుగుదొడ్లు శుభ్రం చేసేవారు కనబడలేదు. అప్పటిదాకా ఎవరి కంటికీ ఆనని కూలీయే నగరాన్ని నడుపుతున్నాడని ప్రభుత్వానికి అప్పుడు తెలిసివచ్చింది. అధికారులు నచ్చజెప్పడంతో కొందరు వెనక్కి వచ్చి మళ్లీ పనిలో చేరారు. ఆ మాట నమ్మి తిరిగివచ్చినవారికి ఫిబ్రవరిలో నగరాన్ని ఖాళీ చేయాలన్న ఆదేశం ఎదురైంది. 1942 మార్చి 8న జపాను సేనలు రంగూన్‌లో ప్రవేశించాయి. అంతకు ముందు రోజే వెనుదిరిగే బ్రిటిష్ వారు సిరియం చమురు శుద్ధి కర్మాగారాన్ని తామే పేల్చివేశారు.

రంగూన్ కష్టాలు అంతటితో తీరలేదు. జపాను ఆధీనంలో ఉన్న మూడేళ్లూ మిత్రపక్షాల విమానాలు అదే రేవుపై, అదే రైల్వే యార్డులపై బాంబులు వేశాయి. 1945 మే నెలలో నగరం తిరిగి బ్రిటిష్ వారి చేతికి వచ్చేసరికి ఇరుపక్షాల బాంబులకూ గురైన నగరంగా మిగిలింది.

అడవుల గుండా ఇంటిదారి

ఓడ టిక్కెట్టు దొరికినవారు కలకత్తాకో, మద్రాసుకో, విశాఖకో చేరుకున్నారు. దొరకనివారికి కాలినడకే దిక్కయింది. ఒక దారి ప్రోమ్ నుంచి తౌంగుప్ కనుమ దాటి అరకాన్ తీరం మీదుగా చిట్టగాంగ్‌కు చేరుతుంది. మరొకటి చింద్విన్ నది దాటి కలేవా, టాము మీదుగా మణిపూర్‌కు వస్తుంది. ఇంకా ఉత్తరాన హుకాంగ్ లోయ నుంచి అస్సాంలోని లీడోకు చేరే దారి అన్నిటికంటే కఠినమైనది. కలరా, మలేరియా, విరేచనాలు, ఆకలి దారి పొడవునా వెంటాడాయి. సదుపాయాలు ఉన్న దారిని ఐరోపావారికి కేటాయించి, భారతీయులను మరో దారికి మళ్లించారన్న ఆగ్రహం నాడు దేశమంతటా వ్యక్తమైంది.

సుమారు 4 నుంచి 5 లక్షల మంది భారతీయులు ఇలా స్వదేశానికి చేరినట్లు అంచనా. దారిలో ప్రాణాలు విడిచినవారు పదివేలకు పైగా అని కొందరు, యాభై వేలకు పైగా అని మరికొందరు చెబుతారు. అంచనాల మధ్య ఇంత తేడా ఉండడమే ఆ మరణాలను ఎవరూ సరిగా లెక్కించలేదనడానికి నిదర్శనం.

మన తీరానికి వచ్చిన యుద్ధం

రంగూన్ పతనంతో బంగాళాఖాతం జపానుకు తెరుచుకుంది. 1942 మార్చి 23న అండమాన్ దీవులు దాని వశమయ్యాయి. ఏప్రిల్ 5న ఈస్టర్ ఆదివారం నాడు కొలంబోపై దాడి జరిగింది. ఆ మరునాడే, ఏప్రిల్ 6న, ‘ర్యూజో’ అనే విమానవాహక నౌక నుంచి లేచిన జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. వైస్ అడ్మిరల్ ఒజావా నాయకత్వంలోని నౌకాదళం ఆ కొద్ది రోజుల్లోనే బంగాళాఖాతంలో 20కి పైగా వాణిజ్య నౌకలను ముంచింది.

విశాఖనే ఎందుకు ఎంచుకున్నారన్న ప్రశ్నకు సమాధానం సులువు. 1933లో ప్రారంభమైన కొత్త ఓడరేవు తూర్పు తీరంలో కలకత్తా, మద్రాసుల నడుమ కీలకమైనది. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా సింధియా నౌకా నిర్మాణ కేంద్రానికి ఇక్కడే శంకుస్థాపన జరిగింది. వచ్చిన విమానాలు కొద్ది కావడంతో రంగూన్ స్థాయి నష్టం ఇక్కడ వాటిల్లలేదు. ప్రాణనష్టమూ స్వల్పమే. అయితే రంగూన్ నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చినవారు చెప్పిన సంగతులు అప్పటికే ఇంటింటా వినబడుతున్నాయి. దాంతో పట్టణ ప్రజలు పెద్ద సంఖ్యలో పల్లెలకు తరలిపోయారు. నౌకా నిర్మాణ కేంద్రం పనులకు అంతరాయం కలిగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించారు. మద్రాసులోనూ జనం ఊరు విడిచారు. కొన్ని ప్రభుత్వ కార్యాలయాలు లోపలి పట్టణాలకు మారాయి.

యుద్ధం ముగిశాక అదే కేంద్రంలో తయారైన ‘జల ఉష’ నౌక 1948 మార్చి 14న ప్రధాని నెహ్రూ చేతుల మీదుగా జలప్రవేశం చేసింది. విశాఖపై పడి పేలకుండా మిగిలిన జపాను బాంబు ఒకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో భద్రపరిచారు.

లెక్కకు అందని పేర్లు

పేలని బాంబుకు మ్యూజియంలో చోటు దొరికింది. పేలిన బాంబులకు బలైన తెలుగు కూలీలకు ఆ మాత్రం గుర్తు కూడా లేదు. వారిని పనిలో పెట్టుకున్నది మేస్త్రీ. కూలి లెక్క రాసుకున్నదీ అతనే. యజమాని దృష్టిలో వారు పేర్లున్న మనుషులు కారు, ఇన్ని తలల ముఠా మాత్రమే. మేస్త్రీ చనిపోయినా, అతని పుస్తకం కాలిపోయినా ఫలానా ఊరి ఫలానా మనిషి రంగూన్‌లో ఉన్నాడని చెప్పే ఆధారమే మిగలదు. మరణవార్త అందితే కర్మ చేసుకోవచ్చు. అది కూడా అందని ఇళ్లలో భార్య బొట్టు తుడుచుకోవాలో ఉంచుకోవాలో తెలియదు. పొలం పేరు మార్పుకూ, అప్పు పత్రం రద్దుకూ చనిపోయినట్లు రుజువు కావాలి. ఆ రుజువు ఇచ్చే నాథుడు ఉండడు.

యుద్ధం తరువాత కొందరు తిరిగి బర్మా వెళ్లారు. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చి, వ్యాపారాలను జాతీయం చేయడంతో వారిలోనూ చాలామంది మళ్లీ కాందిశీకులుగా వచ్చారు. విశాఖతో పాటు రాష్ట్రంలోని పలు పట్టణాల్లో బర్మా క్యాంపు, బర్మా కాలనీ పేరిట వెలసిన పేటలు వారివే. ఆ పేటల్లోనూ, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లోనూ ‘మా తాత రంగం వెళ్లాడు’ అన్న మాట దగ్గరే వంశవృక్షం ఆగిపోయిన కుటుంబాలు ఉన్నాయి. పెద్దలు చెప్పిన పేరు, ఊరు, ఓడ ఎక్కిన రేవు, తీసుకెళ్లిన మేస్త్రీ ఎవరన్నది కాగితం మీద రాసి ఉంచితే, ఏ రికార్డులోనూ లేని ఆ మనుషులకు అదే మొదటి రికార్డు అవుతుంది.

కాలక్రమంలో..

1937 ఏప్రిల్ 1: భారతదేశం నుంచి బర్మా వేరుపడింది
1941 డిసెంబరు 23, 25: రంగూన్‌పై జపాను బాంబు దాడులు
1942 మార్చి 8: రంగూన్‌లోకి జపాను సేనలు
1942 మార్చి 23: అండమాన్ దీవుల ఆక్రమణ
1942 ఏప్రిల్ 5: కొలంబోపై దాడి
1942 ఏప్రిల్ 6: విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు
1942 ఆగస్టు 24: విమానవాహక నౌక ‘ర్యూజో’ను పసిఫిక్ సముద్రంలో ముంచిన అమెరికా విమానాలు
1945 మే: రంగూన్ తిరిగి బ్రిటిష్ ఆధీనంలోకి