ఫ్రెషరా, సీనియరా? ఓ క్వార్టర్‌బ్యాక్ లెక్క

‘మీ ప్రొఫైల్ బాగుంది. కానీ మాకు రెండేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కావాలి.’ ఈ మెయిల్ మీకూ ఒకటి వచ్చే ఉంటుంది. ఇంజినీరింగ్ అయిపోయిన ఆర్నెల్లలో నాకు ఇలాంటివి ఎన్ని వచ్చాయో లెక్కపెట్టడం మానేశాను. నాలో ఏం లోటుందని తిరిగి అడిగితే జవాబు ఉండేది కాదు. ఫ్రెషర్‌ని తీసుకోవాలా, పని తెలిసినవాళ్లని తీసుకోవాలా అన్న చర్చ గది లోపల జరుగుతుంది. బయట నిలబడ్డ మనకి తెలిసేది ఫలితం ఒక్కటే.

ఆ చర్చ జీతాల అంకెలతో సహా అందరి ముందూ జరిగే చోటు ఒకటుంది. అదే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్. మెస్సీ ఆడే ఫుట్‌బాల్ కాదండోయ్. హెల్మెట్లు పెట్టుకుని, కోడిగుడ్డు ఆకారం బంతితో ఆడేది. డాలస్‌లో మీ కజిన్ ఎవరైనా ఉంటే అడగండి, గంటసేపు వదలరు.

ఇందులో క్వార్టర్‌బ్యాక్ అనే ఆటగాడే కీలకం. జట్టు ఎత్తుగడ దాదాపు ప్రతిసారీ అతని చేతుల్లోంచే మొదలవుతుంది. బంతి అందాక అతనికి దొరికే సమయం సుమారు మూడు సెకన్లు. ఆలోపు ఎవరికి విసరాలో తేల్చుకోవాలి, మీద పడటానికి వచ్చే భారీకాయుల్ని తప్పించుకోవాలి. జట్లు 32 ఉన్నాయి. ఈ పని నిజంగా బాగా చేయగలవాళ్లు అంతమంది లేరు. అందుకే ప్రతి వేసవికి ముందూ కొన్ని జట్లకి ఒకటే తలనొప్పి. కాలేజీ నుంచి వచ్చే కుర్రాణ్ని డ్రాఫ్ట్‌లో ఎంచుకోవాలా, లేక తమ డ్రాఫ్ట్ అవకాశాల్ని వేరే జట్టుకి ఇచ్చేసి ఆరితేరినవాణ్ని తెచ్చుకోవాలా? డ్రాఫ్ట్ అంటే ఏడు రౌండ్ల క్యాంపస్ సెలక్షన్ అనుకోండి. నిరుడు అందరికంటే ఘోరంగా ఆడిన జట్టుకి మొదటి ఛాన్స్.

ముందు డబ్బు సంగతి. 2010 డ్రాఫ్ట్‌లో మొదటి పేరు శామ్ బ్రాడ్‌ఫర్డ్. ఆరేళ్లకి 7.8 కోట్ల డాలర్ల ఒప్పందం దక్కింది. 2011లో మొదటి పేరు క్యామ్ న్యూటన్. అతనికి వచ్చింది నాలుగేళ్లకి సుమారు 2.2 కోట్ల డాలర్లు. న్యూటన్ తక్కువవాడని కాదు. ఆ ఏడాది లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన కొత్త ఒప్పందం కొత్తవాళ్ల జీతాలకి కళ్లెం వేసింది. పైగా జట్టు మొత్తం జీతాలకీ ఒక పరిమితి ఉంటుంది. 2024లో అది 25.54 కోట్ల డాలర్లు. పేరున్న క్వార్టర్‌బ్యాక్ ఒక్కడే ఏడాదికి 5 కోట్ల డాలర్లు దాటించేస్తున్న రోజులివి. కుర్రాడు చవగ్గా దొరికితే, మిగిలిన డబ్బుతో చుట్టూ మంచి ఆటగాళ్లని పెట్టుకోవచ్చు. వినడానికి ఇబ్బందిగా ఉన్నా, ఫ్రెషర్ పెద్ద బలాల్లో ఒకటి అతని ధర.

అయితే జీతం తక్కువని బేరం చవక అనుకోకండి. 2021లో శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు 12వ స్థానం నుంచి మూడో స్థానానికి ఎగబాకడానికి మూడు ఫస్ట్ రౌండ్ అవకాశాలు ధారపోసి ట్రే లాన్స్‌ని తెచ్చుకుంది. మంచి శరీరం, బలమైన చెయ్యి. కానీ కొవిడ్ వల్ల అంతకుముందు ఏడాది కాలేజీలో ఆడింది ఒక్కటే మ్యాచ్. శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదటినుంచీ బరిలోకి దిగింది నాలుగంటే నాలుగు మ్యాచ్‌లు. 2023లో నాలుగో రౌండ్ అవకాశం ఒక్కటి తీసుకుని అతన్ని డాలస్‌కి ఇచ్చేశారు. తమాషా ఏంటంటే, అదే జట్టు 2022లో 262వ పేరుగా, అంటే డ్రాఫ్ట్‌లో చిట్టచివరన, బ్రాక్ పర్డీ అనే కుర్రాణ్ని తీసుకుంది. చివరివాణ్ని అక్కడ ‘ఎవరికీ పట్టని మహాశయుడు’ అని ఆటపట్టిస్తారు. ఆ మహాశయుడే 2024 ఫిబ్రవరిలో జట్టుని సూపర్ బౌల్ ఫైనల్‌కి తీసుకెళ్లాడు. పర్డీ కాలేజీలో నాలుగేళ్లు విడవకుండా ఆడినవాడు. సామర్థ్యం ఉందని అనిపించడం వేరు, పని వందలసార్లు చేసి ఉండటం వేరు.

పరీక్షలు లేవా అంటే, బోలెడు. ఏటా ఇండియానాపోలిస్‌లో అరచేయి కొలత నుంచి 40 గజాల పరుగు దాకా అన్నీ చూస్తారు. ఏళ్ల తరబడి 12 నిమిషాల్లో 50 ప్రశ్నల పేపరు కూడా పెట్టేవారు. 2022లో దాన్ని ఎత్తేశారు. 2023లో సి.జె. స్ట్రౌడ్‌కి ఇంకో తరహా మెదడు పరీక్షలో తక్కువ మార్కులొచ్చాయని వార్తలొచ్చాయి. ఆ సీజన్‌లో దాడి విభాగంలో ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు అతనిదే. మన ఆప్టిట్యూడ్ రౌండ్లు గుర్తొచ్చాయా?

ఇక సీనియర్ల వైపు. లాస్‌ఏంజెలిస్ రామ్స్ 2016లో మొదటి పేరుగా జారెడ్ గాఫ్‌ని తీసుకుంది. అతను జట్టుని ఫైనల్ దాకా చేర్చాడు. 2019లో 13.4 కోట్ల డాలర్ల కొత్త ఒప్పందం కూడా ఇచ్చారు. రెండేళ్లు తిరక్కముందే వద్దనుకున్నారు! రెండు ఫస్ట్ రౌండ్ అవకాశాలు, ఒక థర్డ్ రౌండ్ అవకాశం జతచేసి గాఫ్‌ని డెట్రాయిట్‌కి పంపి, మాథ్యూ స్టాఫర్డ్‌ని తెచ్చుకున్నారు. స్టాఫర్డ్ డెట్రాయిట్‌లో 12 సీజన్లు ఆడి ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ కూడా గెలవలేదు. అయినా ఎందుకు? మిగతా జట్టు అప్పటికే పక్వానికొచ్చింది. ఇంకెవరికో నేర్పుతూ కూర్చునే టైమ్ లేదు. మరుసటి సీజన్‌లోనే, 2022 ఫిబ్రవరిలో, 23-20తో కప్పు కొట్టారు.

మరి గాఫ్? బేరంలో కొసరుగా వెళ్లినట్టు కనిపించిన ఆ గాఫే 2024 జనవరిలో అదే రామ్స్‌ని, అదే స్టాఫర్డ్‌ని 24-23తో ఓడించి డెట్రాయిట్‌కి 32 ఏళ్ల తర్వాత ప్లేఆఫ్ విజయం ఇచ్చాడు. ఒకరికి అక్కర్లేనివాడు ఇంకొకరికి సరిగ్గా కావాల్సినవాడయ్యాడు. నా దృష్టిలో ఈ బేరంలో రెండు జట్లూ తప్పు చేయలేదు.

సీనియర్‌ని కొంటే పని అయిపోతుందనుకున్న డెన్వర్ కథ వేరు. 2022లో రెండు ఫస్ట్ రౌండ్లు, రెండు సెకండ్ రౌండ్లు, ముగ్గురు ఆటగాళ్లని ఇచ్చి రసెల్ విల్సన్‌ని తెచ్చి, ఒక్క మ్యాచ్ ఆడకముందే 24.5 కోట్ల డాలర్ల కొత్త ఒప్పందం చేసింది. ఆ ఏడాది 5 గెలుపులు, 12 ఓటములు. 2024 మార్చిలో వదిలించుకుంటే, ఆడని మనిషి పేరిట 8.5 కోట్ల డాలర్లు జీతాల పద్దులో మిగిలాయి. తర్వాతి నెలలో డ్రాఫ్ట్ నుంచి తీసుకున్న బో నిక్స్ ఆ సీజన్‌లోనే ప్లేఆఫ్‌కి చేర్చాడు. అతనూ కాలేజీలో ఏళ్లకేళ్లు ఆడి వచ్చినవాడే.

నాకు నచ్చింది మాత్రం కాన్సాస్ సిటీ పద్ధతి. 2017లో పదో పేరుగా ప్యాట్రిక్ మహోమ్స్‌ని తీసుకుని, వెంటనే బరిలోకి తోయలేదు. సీనియర్ అలెక్స్ స్మిత్ ఆడుతుంటే ఆ ఏడాదంతా పక్కనుండి నేర్చుకోనిచ్చారు. సీజన్ చివరి మ్యాచ్ ఒక్కటే ఇచ్చారు. తర్వాత స్మిత్‌ని వాషింగ్టన్‌కి పంపేశారు. 2018లో లీగ్ మొత్తానికి ఉత్తమ ఆటగాడు మహోమ్స్. మన ఐటీలో బెంచ్ అంటే భయపడతాం గానీ, పక్కన ఎవరున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఇంటర్వ్యూ ఆఖర్లో ‘మీరేమైనా అడగాలా?’ అంటారు చూడండి, చాలామంది ‘ఏం లేదు సర్’ అనేస్తారు. నేనూ అదే అనేవాణ్ని. ఒకసారి మాత్రం ‘ఈ పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారు సర్?’ అని అడిగా. ఆయన అద్దాల అవతల కూర్చున్న పెద్దాయన్ని చూపించారు. ‘ఆయన డిసెంబర్‌లో వెళ్లిపోతున్నారు. అప్పటిదాకా నీ కుర్చీ ఆయన పక్కనే.’ అప్పటికి నా చేతిలో ఇంకో ఆఫర్ ఉంది, ప్యాకేజీ కూడా ఎక్కువే. నేను ఆ కుర్చీలోనే కూర్చున్నా.