తట్టు తగ్గింది, మరి ఈ న్యుమోనియా ఎక్కడిది?

"మా బాబుకు తట్టు పోసింది, పది రోజుల్లో తగ్గిపోయింది. కానీ ఆ తర్వాత చెవిలో చీము, విరేచనాలు, ఇప్పుడు న్యుమోనియా. వీటికీ తట్టుకూ సంబంధం ఉందా?" అని ఒక పాఠకురాలు రాశారు. ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఆ సంబంధం ఎలా బయటపడిందన్నది వైద్యశాస్త్రంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ.

ముందు తట్టును పోల్చుకోవడం. గట్టి జ్వరం, దగ్గు, ముక్కు కారడం, ఎర్రబడ్డ కళ్లు. దవడ పళ్లకు ఎదురుగా బుగ్గ లోపల సన్నని తెల్లమచ్చలు. మూడు నాలుగు రోజులకు చెవుల వెనకా ముఖం మీదా ఎర్రటి దద్దురు మొదలై కిందికి దిగుతుంది. ఆటలమ్మలోలాగా నీటిపొక్కులు ఉండవు. దద్దురు కనబడటానికి నాలుగు రోజుల ముందు నుంచే జబ్బు ఇతరులకు అంటుకుంటుంది.

ఇక అసలు విషయం. తట్టు వైరస్ ఊపిరితో లోపలికి పోయి, గొంతు, శ్వాసనాళాల పైపొర కణాల్లో మొదట పెరుగుతుందని చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో రాశారు. అది తప్పు. వైరస్‌కు ఆ కణాల్లోకి పైనుంచి దారి లేదు. దానికి కావలసిన గొళ్లెం పేరు సీడీ150. అది ఉండేది వ్యాధినిరోధక కణాల మీద! 1993లో శాస్త్రవేత్తలు సీడీ46 అనే మరో ప్రోటీన్‌ను పట్టుకుని, ఇదే తట్టు వైరస్ గొళ్లెం అన్నారు. ప్రయోగశాలలో పెంచిన వైరస్‌కూ టీకా వైరస్‌కూ అది నిజమే. పిల్లల నుంచి పిల్లలకు పాకే వైరస్ మాత్రం దాన్ని పట్టించుకోదు. సీడీ150 సంగతిని 2000లో జపాన్ శాస్త్రవేత్తలు తేల్చారు.

సీడీ150 దండిగా ఉండేది జ్ఞాపక కణాల మీద. ఇదివరకు వచ్చిన ప్రతి జబ్బునూ గుర్తుపెట్టుకునే కణాలివి. ఊరి కరణం దస్తరంలాంటివి. తట్టు వైరస్ నేరుగా వెళ్లి ఆ దస్తరానికే నిప్పు పెడుతుంది. పచ్చగా మెరిసేలా మార్చిన వైరస్‌ను నెదర్లాండ్స్ పరిశోధకులు కోతులకు ఎక్కించి చూస్తే టాన్సిల్స్, లింఫ్ గ్రంథులు, ప్లీహం పచ్చగా వెలిగాయి.

ఇంకో వింత. ఒంటి మీద కనబడే దద్దురు చాలావరకు మన సైనికకణాల పనే. చర్మంలో వైరస్ సోకిన కణాలను అవి వెతికి చంపుతుంటే ఒళ్లు ఎర్రబడుతుంది. ఆ పోరు జరగని చోట దద్దురూ ఉండదు. 1959లో శాస్త్రవేత్త ఎండర్స్ బృందం, వేరే తీవ్రవ్యాధులు ఉండి న్యుమోనియాతో చనిపోయిన పిల్లల ఊపిరితిత్తుల్లో తట్టు వైరస్‌ను కనుగొంది. ఆ పిల్లలకు దద్దురే రాలేదు.

వైరస్‌తో యుద్ధం ముగిశాక తెల్లకణాల లెక్క వారం పది రోజుల్లో మామూలుకు వస్తుంది. అందరూ మోసపోయింది ఇక్కడే. కొత్తగా పుట్టుకొచ్చిన కణాల్లో చాలా భాగానికి తెలిసింది తట్టు ఒక్కటే. పాత పాఠాలు పోయాయి. 1908లోనే వియన్నాలో పిర్కే అనే వైద్యుడు, క్షయ పరీక్షకు స్పందించే పిల్లల చర్మం తట్టు వచ్చిన రోజుల్లో స్పందన మానేయడం గమనించాడు. ఆ గమనిక లోతు తెలియడానికి నూరేళ్ల పైనే పట్టింది. 2019లో, టీకా వేయించుకోని 77 మంది డచ్ పిల్లల రక్తాన్ని తట్టుకు ముందూ తర్వాతా పోల్చి చూశారు. వాళ్లు కూడబెట్టుకున్న యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం దాకా మాయమయ్యాయి. పోయినవి మళ్లీ సంపాదించాలంటే ఆ జబ్బులు మళ్లీ రావాలి, లేదా టీకాలు మళ్లీ వేయించాలి. సంపన్న దేశాల మరణాల లెక్కలు చూసిన మరో బృందం, ఈ బలహీనత రెండు మూడేళ్లు ఉంటుందని 2015లో చెప్పింది. టీకా వేసుకున్న పిల్లల్లో ఈ చెరుపు కనబడలేదు.

చికిత్స గురించి నాలుగు మాటలు. వైరస్‌ను చంపే మందు లేదు. విటమిన్ ఎ మాత్రం వరుసగా రెండు రోజులు, వయసును బట్టి డాక్టరు చెప్పిన మోతాదులో ఇవ్వాలి. 1932లోనే లండన్‌లో ఎలిసన్ అనే వైద్యుడు 300 మంది పిల్లలకు విటమిన్ ఇస్తే 11 మంది చనిపోయారు, ఇవ్వని 300 మందిలో 26 మంది. ఇంత చవకైన మందు సంగతి ఇప్పటికీ చాలా ఇళ్లకు తెలియకపోవడం నాకు కడుపుమంట. అమ్మవారని పథ్యం పెట్టి పిల్లల కడుపు మాడ్చకండి. తిండీ నీళ్లూ ఆపొద్దు. ఆయాసపడుతున్నా, మత్తుగా పడి ఉన్నా, తాగలేకపోతున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

తట్టు, రుబెల్లాలు రాకుండా వేసే ఎంఆర్ టీకా మొదటి డోసు 9 నుంచి 12 నెలల మధ్య, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. ఈ రోజే మీ పిల్లల టీకా కార్డు తీసి, రెండో డోసు దగ్గర తేదీ పడిందో లేదో చూడండి.