అంబాసిడరు కారు: తీరప్రాంతపు అపోహలు, వాస్తవములు

అంబాసిడరు కారును గూర్చి ఉప్పాడ పరిసరములందు నేటికిని వినవచ్చు అపోహలలో పెద్దది, దానికి తుప్పు భయము లేదనునది. "ఆ రేకు మందము చూచితిరా? క్రింద లారీకున్నట్టి ఛాసిస్ ఉన్నది, ఉప్పుగాలి దానినేమి చేయగల"దని, సొంతకారు లేనివారు సైతము సాధికారముగా సెలవిత్తురు.

వాస్తవమేమన, ఆ కారుకు వేరు ఛాసిస్సే లేదు. 1956లో ఇంగ్లండున వెలువడిన మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి దానికి మాతృక. ఆ కారునందువలెనే ఇందును నేలరేకు, తలుపుల క్రింది గుమ్మములు, ప్రక్కలు, పైకప్పు అన్నియు ఒక్కటిగా అతుకబడి, బండి బరువును ఆ దేహమే మోయుచుండును. లారీ తొట్టి తుప్పుపట్టి రాలినను క్రిందనున్న దూలములు మిగులును. అంబాసిడరునకు నేలరేకు పోయెనా, ఆధారమే పోయినట్లు. ఇక ఉప్పాడ తీరమా, ఏటేట ఊరిని కోసికొనిపోవు సముద్రము గలది. కాకినాడకు పోవు ఒడ్డుదారిలో పోటువేళ కెరటము రాళ్ళకట్టపై విరిగి తారురోడ్డును తడుపుచుండగా, ఆ ఉప్పునీటిలో చక్రములు తిరిగిన కారు ఇల్లు చేరి, పైన మాత్రము శుభ్రముగా కడిగించుకొని, అడుగున ఉప్పును భద్రముగా దాచుకొనును. అట్టి కారులో కాళ్ళక్రింది రబ్బరుచాప నెత్తి, స్క్రూడ్రైవరు పిడితో తట్టి చూడుడు: టంగుమని మ్రోగవలసిన చోట బొదబొదమను చప్పుడు వచ్చినచో, పైనున్నది పుట్టీయు పెయింటును మాత్రమే. గుమ్మము లోలోపల తినివేయబడిన బండికి జాకీ పెట్టినపుడు జాకీ పైకి లేచును గాని కారు లేవదు.

ఇది పూర్తిగా స్వదేశీ కారనువారును కలరు, కేవలము దొరల కారనువారును కలరు. ఇరువురును సగమే నిజము పలుకుచున్నారు. ఇంగ్లండులో 1959 నాటికే ఆ శ్రేణి నిలిచిపోగా, బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ వారు కలకత్తా చెంతనున్న ఉత్తరపారలో 2014 వరకు అంబాసిడరును తయారుచేసిరి. నడుమ డీజిలు ఇంజనును, 1990ల ఆరంభమున జపాను వారి ఇసుజు ఇంజనును అమర్చిరి.

మందపు రేకు గనుక ప్రమాదమున ప్రాణరక్షణ అధికమనుట మరింత హానికరమైన భ్రమ. ఢీకొనినపుడు ముందుభాగము క్రమముగా నలిగి దెబ్బవేగమును తాను గ్రహించవలెనను సూత్రము, ఆ కారు రూపొందిన దినములలో శైశవదశలో నుండెను. బంపరు వంగలేదని యజమాని మురియుచుండగా, ఆ తాకిడి లోపల కూర్చున్నవారి రొమ్మునకు స్టీరింగు కడ్డీ మీదుగా చేరును. పాతబండ్లకు నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. వానిలోనికి కెరటపునీరు చొరబడినచో, తొక్కినను వెంటనే పట్టుకొనవు. తెలిసిన డ్రైవరు తడిదారి దాటిన పిమ్మట, బ్రేకును మెల్లగా అదిమిపట్టి కొంతదూరము నడిపి, ఆ వేడితో ఆరబెట్టుకొనును; తెలియనివాడు ఎదుటనున్న ఆటోను ముద్దాడును.

"పదిమందినైనను మోయు"ననుట దాని నిజమైన సద్గుణమును వక్రీకరించుట. ఎత్తైన కప్పు, నిడుపాటి సోఫావంటి సీటు, ముదుసలి సైతము నడుము వంచక ఎక్కదగిన తలుపు, జాందానీ చీరల మూటలు పెక్కింటిని మ్రింగివేయు డిక్కీ, గతుకులను మెత్తగా దాటించు వెనుకటి కమానుకట్టలు: ఇవి ఇప్పటి కార్లలో అనేకములకు లేనివి, వీనిని మెచ్చుకొనుట న్యాయము. పదిమందిని కుక్కితిమా, కట్టలు అణగి వెనుకభాగము క్రుంగును, ముందుచక్రములు తేలికై స్టీరింగు మాట వినదు, బ్రేకులకు పని మిక్కుటమగును.

ఏ ఊరిలోనైనను బాగుచేయింపవచ్చుననునది మాత్రము చాలవరకు సత్యమే. బానెట్టు ఎత్తినచో మెకానిక్కు చేయి నిరాటంకముగా తిరుగునంత చోటు. పాతబండ్లలో సూక్ష్మ విద్యుత్పరికరముల గొడవ లేదు. ఐనను "ఖర్చు లేని కా"రనుట వేరు మాట. ముందుచక్రముల కీళ్ళకు వేళకు గ్రీజు పడవలెను, చమురు కారుట చూచుకొనవలెను. మే నెల ఎండలో పిఠాపురము దారిన బండి ఆగిపోగా "ఇంజను చచ్చిన"దని బోరు చేయింప బూనువారిని చూచి నవ్వు వచ్చును; అది తరచుగా గొట్టములో పెట్రోలు వేడికి ఆవిరియై పంపునకు అందకపోవుటయే. పెట్రోలు పంపుపై తడిగుడ్డ చుట్టి, ఒక టీ త్రాగివచ్చునంత సేపు ఆగినచో బండి మరల కదలును.

సముద్రపుటొడ్డున ఈ కారును ఉంచుకొనదలచినవారు మెరుగు పెయింటుపై వెచ్చించు ధనములో కొంత అడుగుభాగమునకు కేటాయింపుడు: ఉప్పుదారిన పోయివచ్చిన దినముననే క్రిందినుండి మంచినీటి పైపుతో కడిగించి, తలుపుల అడుగునగల సన్నని రంధ్రములలో మట్టి మూసికొనకుండ పుల్లతో తీయించి, రబ్బరుచాపలను ఎండకు వేయుడు.