దుఃఖవేళ జట్టు తోడు

గోదావరి డెల్టాలోని పెనుగొండ వంటి యూళ్లలో ఒక యింట మరణము సంభవించినచో, కొన్నిదినములు ఆ యిల్లు బంధువులతో నిండియుండును. పెద్దకర్మ ముగిసిన పిదప చాపలు చుట్టివేయుదురు; వచ్చినవారు మరలిపోవుదురు. తండ్రిని గోలుపోయిన పదునాలుగేండ్ల పిల్లవానికి అసలైన కష్టము ఆనాటినుండియే ఆరంభమగును. పెద్దలు ఒకరితో నొకరు చెప్పుకొని యేడ్వగలరు. ఆ వయసువాడు ఏడ్చుటకు సిగ్గుపడును. చెప్పుటకు మాటలు దొరకవు. అట్టివానికి జట్టుగా ఆడు ఆట యెట్లు తోడగునో తెలుపు ఉదంతములు కలవు.

2006 డిసెంబరులో ఢిల్లీ నగరమున ఢిల్లీ, కర్ణాటక జట్లకు రంజీ పోటీ జరుగుచుండెను. అయిదు వికెట్లు పడిపోయి ఢిల్లీ జట్టు ఇక్కట్టులో నుండెను. ఆ సాయంకాలమునకు 40 పరుగులతో నిలిచియున్నవాడు పదునెనిమిదేండ్ల విరాట్ కోహ్లీ. తెల్లవారకముందే అతని తండ్రి మరణించెను. ఉదయమున ఆ యువకుడు మైదానమునకు వచ్చి మరల బ్యాటు పట్టెను. 90 పరుగులు చేసిన పిమ్మట తండ్రి అంత్యక్రియలకు బోయెను.

పదునాలుగేండ్లు గడచెను. 2020 నవంబరులో హైదరాబాదువాడగు మహమ్మద్ సిరాజ్ భారత జట్టుతో ఆస్ట్రేలియాలో నుండెను. ఆటో నడిపి కుమారుని పెంచిన తండ్రి మహమ్మద్ గౌస్ ఆ నెల 20వ తేదీన కన్నుమూసెను. క్రికెట్ బోర్డు ఇంటికి పోవచ్చుననెను. సిరాజ్ అచటనే యుండుటకు నిశ్చయించెను. కరోనా నిబంధనలవలన సహచరులు గదిలోనికి రాగూడదు. ఫీల్డింగ్ శిక్షకుడు ఆర్. శ్రీధర్ తఱచుగా ఫోను చేసి, ఏమి తింటివని యడుగుచుండెను. చిన్న ప్రశ్నయే, కాని శోకములో నున్నవాడు మొదట మరచునది అన్నమే. జట్టు నాయకుడు కోహ్లీ, ధైర్యముగా నుండి తండ్రి కోరిక తీర్చుమని చెప్పెను. ఆ బాధ నెఱిగినవాని మాటకు బరువు వేఱు. డిసెంబరు 26న మెల్‌బోర్నులో సిరాజ్ తొలి టెస్టు ఆడెను. 2021 జనవరిలో బ్రిస్బేన్ టెస్టు రెండవ ఇన్నింగ్సున 73 పరుగులిచ్చి 5 వికెట్లు తీసెను. హైదరాబాదునకు తిరిగివచ్చిన దినమున విమానాశ్రయమునుండి తిన్నగా తండ్రి సమాధికడకు వెళ్లెను. దుఃఖము అట్లే యున్నది.

మరి ఆట చేసినదేమి? అది తెలియుటకు పెద్ద మైదానములు అక్కరలేదు. కోతలైన చేనిలో ఆడు చెడుగుడు చాలును. కూతకు బోవువాడు ఒక్క ఊపిరితో గీత దాటి తిరిగి రావలెను. ఆ కొన్ని క్షణములు మనస్సు ఊపిరిమీదను, ఎదుటివారి చేతులమీదను నిలుచును. ఒకే తలపు చుట్టు తిరుగుచున్న మనస్సునకు ఆ విరామము దొరకును. సాయంకాలము ఏడవవాడు రాకున్నచో ఆరుగురును వీధిలోనికి వచ్చి కేకవేయుదురు. తనతో ఇంకను పనియున్నదని ఆ కేకవలన వానికి తెలియును. ఆటలో ఎవరును పరామర్శింపరు. ‘పట్టు, వదలకు’ అని యరచుదురు. ఓదార్పులు విని యలసిన చెవులకు ఆ యరపులే హితముగా నుండును. ఇల్లు చేరునప్పటికి ఆకలి వేయును; రాత్రి నిద్రయు పట్టును.

అయినను కోహ్లీవలె ఆనాడే ఆడవలెనను నియమము లేదు. 1999 ప్రపంచ కప్పు నడుమ తండ్రిని గోలుపోయిన సచిన్ తెందూల్కర్ ముందు ముంబయికి వచ్చి, అంత్యక్రియలైన పిదపనే ఇంగ్లండునకు తిరిగిపోయి కెన్యాపై 140 పరుగులు చేసెను. కొందఱు నెలల తరబడి గీత దాటలేరు. వారిని తొందరపెట్టుట తగదు. వచ్చి ప్రక్కన కూర్చుండనిచ్చినను చాలును. చెడుగుడులో బయటకు పోయినవాడు అట్లే కదా గీతవెలుపల కూర్చుండి, తన జట్టువాడొకడు ఎదుటివారిని తాకి వచ్చువఱకు చూచుచుండును.